ఆగకుండా నడిచిన పన్నెండు రోజులు

మా పక్క టేబులు టెక్నీషియను ఆమెకు చాటుగా పెట్టిన పేరు ఎర్రగీత. ఎదురుగా మాత్రం అందరం అక్కా అనే పిలుస్తాం. ల్యాబు ఇన్‌చార్జి పెద్దసారు ఆమెకంటే కొన్ని నెలలు పెద్దవాడు, ఆయనా అక్కగారూ అనే అంటాడు. ఆమెకు యాభై ఏడేళ్లు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ కిటికీ పక్క కుర్చీలోనే కూర్చుంటోంది. కుర్చీ మూడుసార్లు మారింది, కిటికీ అద్దం ఒకసారి మారింది, ఆమె మాత్రం అక్కడే ఉంది.

మాది పసిపిల్లల రక్తం పరీక్షించే ల్యాబు. చుట్టుపక్కల ఆసుపత్రుల్లో పుట్టిన ప్రతి బిడ్డకూ మూడో రోజున మడమ మీద సూదితో గుచ్చి, నాలుగు రక్తపు చుక్కలు మందపాటి కాగితం కార్డు మీద పట్టి, ఆరబెట్టి మాకు పంపుతారు. రోజుకు రెండు వందల పైచిలుకు కార్డులు వస్తాయి. ఆ ఎండిన చుక్కల్లో ఒక హార్మోను ఎంతుందో చూస్తాం. ఆ అంకె ఇరవై దాటితే బిడ్డ మెడలోని థైరాయిడ్ గ్రంథి పనిచేయడం లేదేమోనని అనుమానం. అలాంటి బిడ్డ పుట్టిన కొత్తలో పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. కానీ మొదటి రెండు మూడు వారాల్లో మందు మొదలుపెట్టకపోతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. మందంటే రోజుకొక చిన్న మాత్ర, పొడిచేసి పాలల్లో కలిపి పట్టాలి. అంతే. ఇంత చిన్న పనికి అంత పెద్ద ఫలితం ఉన్న రోగం నేను చదివిన పుస్తకాల్లో ఇంకొకటి లేదు.

కార్డులను యంత్రంలో పెట్టి అంకెలు తీయడం నా పని. ఆ అంకెలను ఆరోగ్యశాఖ వెబ్‌సైటులో ఎక్కించడం అక్క పని. అక్క చేరిన కొత్తలో టైపు మిషను మీద కొట్టి పోస్టులో పంపేవారట. తర్వాత ఫోన్లు వచ్చాయి. అంకె ఎక్కువొచ్చిన ప్రతి బిడ్డ ఇంటికీ అక్కే ఫోను చేసేది. ఆ తర్వాత సైటు వచ్చింది, ఫోన్లు ఆపేశారు. ఇప్పుడు అంకె సైటులో పడితే చాలు. సాయంత్రం అయిదింటికి ఆ రోజు ఇరవై దాటినవాళ్ల పేర్లన్నీ వాళ్ల వాళ్ల ఏరియా నర్సుల ఫోన్లకు అదే పంపేస్తుంది.

నలభై ఆరో ఏట కంప్యూటరు నేర్చుకుంది అక్క. రెండు వందల మంది పిల్లల నంబర్లు ఒక్కొక్కటే కొట్టి, పేజీ తెరిచి, అంకె వేసి, సేవ్ నొక్కి, మళ్లీ మొదటికి రావడం వల్ల మణికట్టు వాచిపోతోందని ఒకరోజు పెద్దసారు చూసి, బయటి నుంచి ఒక కంప్యూటరు మనిషిని పిలిపించాడు. అతను బ్రౌజరులో మాక్రో రాసిపెట్టి వెళ్లాడు. మాక్రో అంటే ఏమీ లేదు, మన చేతులు చేసే పనినే వరసగా లైన్లుగా రాసిన ఒక పట్టీ. జాబితాలో మొదటి నంబరు తీసుకో, వెతికే గడిలో వెయ్యి, నొక్కు, బిడ్డ పేజీ తెరుచుకున్నాక అంకె వెయ్యి, సేవ్ చెయ్యి, తర్వాతి నంబరుకు పో. ఎక్కడైనా తేడా వస్తే, అంటే సైటు తెరుచుకోకపోయినా, నంబరు దొరకకపోయినా, అది అక్కడే ఆగిపోయి స్క్రీను అడుగున ఎర్రటి గీత చూపిస్తుంది.

రోజుకు పది పదిహేనుసార్లు ఆగేది. ఆగిన ప్రతిసారీ అక్క చేతిలో ఉన్న టీ గ్లాసు పక్కన పెట్టి, కార్డుల పెట్టె దగ్గరకు లేచి వెళ్లి, ఆ బిడ్డ కార్డు వెతికి తీసి, దీపం కింద పెట్టి నంబరు చదివి, సైటులో ఏం జరిగిందో చూసి, సరిచేసి, పొడవాటి నోటుబుక్కులో ఒక లైను రాసి, అప్పుడు మళ్లీ నడిపించేది. టైము, నంబరు, ఎందుకు ఆగింది. కవలల్లో రెండో బిడ్డ. ఆసుపత్రివాళ్లు ఇంకా నమోదు చేయలేదు. సైటు నిద్రపోయింది. ఈ మూడో మాట ఆమె అలాగే రాసేది.

"అక్కా, నీ మాక్రోకి మళ్లీ కళ్లు తిరిగినట్టున్నాయి, కాస్త నిమ్మరసం పట్టు," అనేది టెక్నీషియను.

"దానికి తెలీనప్పుడు అది నోరు మూసుకుని ఆగుతోందమ్మా. నీకా గుణం ఎప్పుడొస్తుందో చూడాలి," అనేది అక్క తలెత్తకుండా.

ఇంత పట్టింపు ఎక్కడి నుంచి వచ్చిందా అని నాకు కుతూహలంగా ఉండేది. ఏదో పాత సంఘటన ఉండే ఉంటుంది, ఎవరో ఒక బిడ్డ, ఏదో ఒక పొరపాటు అనుకునేవాణ్ణి. ఒకరోజు అడిగేశాను కూడా.

"ఏమీ లేదు బాబూ. ఆగింది కాబట్టి చూస్తున్నా. నువ్వు మరీ కథలు వెతుకుతావు," అంది.

నన్ను సైన్సు బాబు అని కూడా పిలిచేది. బయోకెమిస్ట్రీలో పీజీ చేశానన్నది దానికి కారణం. మా పాప పుట్టాక ఆ పేరుకు ఇంకో కారణం చేరింది. పాప నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో గడియారం పెట్టుకుని లెక్కపెట్టేవాణ్ణి. మధ్యాహ్నం రెండుసార్లు ఇంటికి ఫోను చేసి పాలు ఎన్ని మిల్లీలీటర్లు తాగిందో అడిగేవాణ్ణి. "నీ కూతురా, నీ ప్రయోగమా?" అని అక్క నవ్వేది. పాప కార్డు మా ల్యాబుకే వచ్చింది. యంత్రంలో నేను పెట్టలేక వేరేవాళ్లను పెట్టమన్నాను. అంకె రెండున్నర. సైటులో ఎక్కించి, తెరిచి చూపించి, "చూసుకో, కడుపునిండా చూసుకో," అంది అక్క.

పాపకు అయిదు నెలలు వచ్చినప్పుడు అక్క ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. రెండు వారాల సెలవు. ఆమె పని కూడా నన్నే చూడమన్నారు. వెళ్లేముందు నోటుబుక్కు నా టేబులు మీద పెట్టింది.

"ఆగినచోట ఆగు బాబూ. తొందరపెట్టకు దాన్ని."

"సరే అక్కా."

సోమవారం నాడు అది పదిహేడుసార్లు ఆగింది. అవతల యంత్రం పిలుస్తోంది, ఇవతల ఎర్రగీత పిలుస్తోంది. ఆ వారమే మా ఆవిడ మళ్లీ ఉద్యోగంలో చేరింది. పాపను చూసుకునే ఆవిడ ఆరు దాటితే ఒక్క నిమిషం ఉండదు. పైగా పాపకు ఒళ్లు వెచ్చగా ఉందని ఫోను వచ్చింది. పదిహేడో సారి ఆగినప్పుడు కార్డు వెతకడానికి లేవలేదు. మాక్రో ఎలా రాయాలో చెప్పే సహాయం పేజీ తెరిచాను. పది నిమిషాల్లో నాకు కావలసింది దొరికింది. తేడా వస్తే పట్టించుకోకుండా తర్వాతి లైనుకు పోవాలని చెప్పే ఒకే ఒక్క లైను. దాన్ని పైన చేర్చి, మిగిలిన నంబర్లను నడిపించాను. ఒక్కసారి కూడా ఆగలేదు.

మంగళవారం రెండు వందల పన్నెండు కార్డులు. నడిపించి, యంత్రం దగ్గరికి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి స్క్రీను మీద 'రెండు వందల పన్నెండు పూర్తి' అని ఉంది. చివరి బిడ్డ పేజీ తెరిచి చూశాను. అంకె సరిగ్గానే పడింది. చివరిది సరిగ్గా ఉంటే అన్నీ సరిగ్గా ఉన్నట్టే అనుకున్నాను. పీజీలో రెండేళ్లపాటు, సరిపోల్చి చూసుకునే కంట్రోలు లేని ప్రయోగం ప్రయోగమే కాదని రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి.

పెద్దసారు వచ్చి చూశాడు. "ఏంటయ్యా, పదకొండున్నరకే అయిపోయిందా? అక్కగారికి మూడు దాటేది!"

"చిన్న లైను మార్చాను సార్."

"అదీ! చదువంటే అదీ!" అని భుజం తట్టాడు. ఆ రోజు అయిదున్నరకే ఇంట్లో ఉన్నాను. పాప జ్వరం తగ్గింది. పన్నెండు పనిదినాలు అలాగే గడిచాయి. అక్క నోటుబుక్కులో నేను రాసింది సోమవారం నాటి పదహారు లైన్లే.

మూడో మంగళవారం అక్క వచ్చింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుంది.

"సినిమా హీరోయిన్ దిగింది, తప్పుకోండి తప్పుకోండి," అంది టెక్నీషియను.

"ఆటోగ్రాఫు తర్వాత ఇస్తాగానీ, ముందు ఆ కిటికీ తెర వెయ్యి తల్లీ."

కుర్చీలో కూర్చుని, జాబితా పెట్టి, మాక్రో నడిపించింది. నేను యంత్రం దగ్గరే ఉన్నాను. ఆమె టీ తాగింది. రెండోసారి కూడా తాగింది. గ్లాసు పక్కన పెట్టాల్సిన పని పడలేదు. అరగంట తర్వాత నన్ను పిలిచింది.

"బాబూ, ఇది ఆగట్లేదేంటి?"

"బాగుచేశానక్కా."

"బాగుచేశావా? సైటును బాగుచేశావా?"

"కాదు, మాక్రోని. తేడా వస్తే ఆగకుండా ముందుకెళ్లేలా."

ఆమె కళ్లద్దాలు తీసి నా వంక చూసింది. ఆపరేషన్ చేసిన కన్ను ఇంకా ఎర్రగా ఉంది.

"మరి తేడా వచ్చినవాళ్లు ఏమవుతున్నారు?"

దీనికి నా దగ్గర జవాబు ఉందనుకున్నాను. వాళ్ల పేజీలు ఖాళీగా మిగులుతాయి, ఖాళీగా ఉన్నవాటిని సైటే తర్వాత అడుగుతుంది అని చెప్పబోయాను. ఆమె అప్పటికే నోటుబుక్కు తిరగేసి చూసింది. సోమవారం తర్వాత తెల్లకాగితమే. లేచి, ఆ ఉదయం కార్డుల్లోంచి చేతికొచ్చిన కట్ట తీసి, సైటు తెరిచి, ఒక్కొక్కటే సరిచూడటం మొదలుపెట్టింది. ఇరవై మూడో కార్డు దగ్గర ఆగింది.

"ఈ బిడ్డకి యంత్రం ఎంతిచ్చింది?"

నేను చూశాను. "ఆరు."

"సైటులో తొమ్మిదుంది."

"తొమ్మిది తర్వాతి బిడ్డదక్కా."

"తర్వాతి బిడ్డ నంబరే సైటులో లేదు. ఆసుపత్రివాళ్లు ఇంకా నమోదు చేయలేదు."

ఏం జరిగిందో నాకు అప్పుడు అర్థమైంది. తర్వాతి బిడ్డ నంబరు దొరకలేదు. మాక్రో ఆగాల్సింది. నా లైను ఆగొద్దంది. పేజీ మారలేదు, ముందటి బిడ్డ పేజీయే తెరిచి ఉంది. మాక్రోకి ఆ సంగతి తెలియదు. దాని తర్వాతి పని అంకె వేసి సేవ్ చేయడం. వేసింది, సేవ్ చేసింది. అంటే దొరకని బిడ్డ అంకె పోవడం ఒక్కటే కాదు, దాని ముందున్న బిడ్డ అంకె మీద అది వచ్చి కూర్చుంది.

"అక్కా," అన్నాను. "ఆ ముందున్న బిడ్డకు ఎక్కువొచ్చి ఉంటే..."

"నోరు తడారిపోతే నీళ్లు తాగు. తాగి, ఆ మొదటి సోమవారం నుంచి ఇరవై దాటినవాళ్ల పట్టీ యంత్రంలోంచి తియ్యి. ముందు వాళ్లని చూద్దాం."

ఆమె అది చెప్పి ఉండకపోతే నేను రెండున్నర వేల కార్డులనూ మొదటి నుంచి మొదలుపెట్టేవాణ్ణి. పట్టీలో ఇరవై ముగ్గురున్నారు. నేను నంబరు, దాని అంకె చదువుతున్నాను, ఆమె సైటులో తెరుస్తోంది. ముప్ఫై ఒకటి, ఉంది. ఇరవై రెండు, ఉంది. నలభై, ఉంది. టెక్నీషియను కూడా లేచి వచ్చి వెనక నిలబడింది. ఎవరూ జోకులు వేయలేదు. పద్దెనిమిదో నంబరు దగ్గర నేను తొంభై నాలుగు అని చదివాను. అక్క స్క్రీను మీదికి ఇంకాస్త వంగింది.

"తొంభై నాలుగు అక్కా."

"ఇక్కడ మూడుంది బాబూ."

ఆడపిల్ల. మొదటి మంగళవారం వచ్చిన కార్డు. అప్పటికి ఆరు రోజుల పిల్ల. ఇప్పుడు ఇరవై రోజులు. ఎక్కువని పడిన అంకె నిమిషంలోపే చెరిగిపోయింది. సాయంత్రం అయిదింటికి సైటు పేర్లు పంపేసరికి ఆమె పేరు మామూలు పిల్లల్లో ఉంది. మిగిలిన అయిదుగురూ సరిగ్గానే ఉన్నారు.

ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన రాయకుండా దాటవేయవచ్చు, కానీ ఇది అక్క గురించి రాస్తున్నాను కాబట్టి రాస్తాను. సైటే తప్పు చేసిందని చెప్పొచ్చు కదా అనిపించింది. ఎవరూ కాదనరు. ఉద్యోగం పోతే పాప సంగతేమిటి అని కూడా అనిపించింది. అక్క నా ముఖం చూసిందో లేదో తెలియదు. ఫోను అందుకుని ఏరియా నర్సుకు చేస్తోంది.

"నాకు సైటులో నార్మల్ అనే ఉందండీ," అంటోంది నర్సు. ఫోను స్పీకరులో ఉంది.

"సైటు సంగతి నేను చెప్తున్నా కదమ్మా. ల్యాబు నుంచి మాట్లాడుతున్నా. తొంభై నాలుగు."

"నేనిప్పుడు వేరేచోట క్యాంపులో ఉన్నానండీ. మీరు మార్చి పెట్టండి, సాయంత్రం మెసేజ్ వస్తుంది కదా, రేపో ఎల్లుండో వెళ్తాను."

అక్క ఫోను పెట్టేసి కార్డు మీది ఇంటి ఫోను నంబరు కొట్టింది. ఆ నంబరు పనిచేయడం లేదు. కార్డు మీద అడ్రసు ఉంది. బ్యాగు భుజాన వేసుకుంది.

పెద్దసారు తలుపు దగ్గర అడ్డం వచ్చాడు. విషయం ఆయనకు టెక్నీషియను చెప్పేసింది.

"అక్కగారూ, కూర్చోండి. అంకె సరిచేసేయండి. అయిదింటికి మెసేజ్ పోతుంది. మనం ఇళ్లకు తిరగడమేమిటి? వెళ్లి ఏం చెప్తారు?"

"జరిగింది చెప్తాం."

"ల్యాబు తప్పని చెప్తారా? రేపు వాళ్లు ఫిర్యాదు రాసిస్తే ఎవరి మెడకు చుట్టుకుంటుంది?"

"నా మెడకే సార్," అన్నాను. "నేనూ వెళ్తున్నాను."

ఆయన నన్నూ, అక్కనూ మార్చి మార్చి చూశాడు. "కళ్లకి దుమ్ము తగలకూడదన్నారు కదండీ మీకు," అన్నాడు చివరికి, దారి వదులుతూ.

బస్సులో అక్క కిటికీ పక్కన కాకుండా లోపలి సీటులో కూర్చుంది. ఇరవై నిమిషాల ప్రయాణంలో ఒకే ఒక్క మాట అంది. "అక్కడ నువ్వు మాట్లాడు. నేను మధ్యలో రాను."

సైకిళ్లు బాగుచేసే దుకాణం మీద రెండు గదుల ఇల్లు. ఇనుప మెట్లు. తలుపు తీసిన అమ్మాయికి ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. వెనకాల ఆమె తల్లి బట్టలు మడతపెడుతోంది. భర్త గోడలకు రంగులు వేస్తాడట, పనిలో ఉన్నాడు. మేం రక్తపరీక్ష చేసిన ల్యాబు నుంచి వచ్చామనగానే స్టూళ్లు జరిపి కూర్చోమన్నారు.

"పాప ఎలా ఉందమ్మా?" అని అడిగాను.

"బంగారమండీ. పక్కింటివాళ్లు ఇంట్లో పసిపిల్ల ఉందా అని అడుగుతున్నారు. ఏడవదు, పేచీ పెట్టదు. లేపి పాలు పట్టాలి, అంతే."

"నీ కడుపున పుట్టి ఇంత నెమ్మదేమిటే అంటున్నా నేను," అంది అమ్మమ్మ నవ్వుతూ.

నా పాప ఇరవై రోజులప్పుడు ఇల్లు పీకి పందిరేసింది. ఆ అమ్మాయి నవ్వు చూస్తూ నోరు విప్పడం కష్టమైంది. మంచం మీద పాప పడుకుని ఉంది. ఒంట్లో పసుపుఛాయ ఇంకా పోలేదు. నాలుక కొస పెదవుల మధ్యన కనిపిస్తోంది. ఏడవకపోవడంతో సహా ఇవన్నీ పుస్తకంలో ఈ రోగానికి రాసిన గుర్తులే. అక్క వంగి పాప పాదాన్ని అరచేతిలోకి తీసుకుంది. అది చల్లగా ఉందని ఆమె వేళ్లు మూసుకున్న తీరులోనే తెలిసింది.

చెప్పాను. పరీక్షలో ఏం వచ్చిందో, దానికి మందేమిటో, ఈ రోజే మొదలుపెట్టాలని. తర్వాత, ఇది రెండు వారాల క్రితమే మీకు తెలియాల్సింది, తెలియకపోవడానికి కారణం నేను కంప్యూటరులో మార్చిన ఒక లైను, ఇందులో ఆసుపత్రి తప్పు లేదు, మీ తప్పు లేదు అని చెప్పాను. అక్క మాట ఇచ్చినట్టే మధ్యలోకి రాలేదు.

ఆ అమ్మాయి మంచం మీది పాప వంక తిరిగింది. "ఫోను రాలేదు కదా, అంతా బాగుందనుకున్నాం," అంది మెల్లగా. అదే మాట మళ్లీ అంది.

అమ్మమ్మ చేతిలో బట్ట వదిలేసింది. "నీకు పిల్లలున్నారా నాయనా?"

"ఉందండీ. అయిదు నెలల పాప."

"దాని కాగితం ఎవరు చూశారు?"

"ఈ అక్కే చూసింది."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. లేచి పాపను దుప్పట్లో చుట్టడం మొదలుపెట్టింది. అక్క పాల సీసా వెతికి సంచిలో పెట్టింది. తల్లి భర్తకు ఫోను చేసింది. ఆటోలో అందరం పిల్లల ఆసుపత్రికి వెళ్లాం. మళ్లీ రక్తం తీశారు. అయిదున్నరకు మొదటి మాత్ర చెంచాలో పాలతో కలిపి పట్టారు. మింగడానికి చాలాసేపు పట్టింది.

రంగు మరకల చొక్కాతో తండ్రి పరుగెత్తుకుంటూ వచ్చాడు. డాక్టరుగారు ఆయనకు చెబుతుంటే నేనూ విన్నాను. ఇప్పుడైనా మొదలుపెట్టడం మంచిదే, చాలామంది పిల్లలు బాగానే ఎదుగుతారు అన్నారు. "రెండు వారాల ముందే ఇచ్చుంటే?" అని ఆయన అడిగాడు. డాక్టరుగారు సూటిగానే చెప్పారు. ముందు ఇచ్చుంటే ఇంకా మంచిదని, ఈ రెండు వారాల వల్ల ఏమైనా నష్టం జరిగిందా, జరిగితే ఎంత అన్నది ఇప్పుడు ఎవరూ చెప్పలేరని, మూడేళ్లు నిండాక చేసే పరీక్షల్లో కొంత తెలుస్తుందని.

మర్నాడు అక్క నోటుబుక్కు తెరిచి, ఆ మొదటి మంగళవారం తేదీ వేసి, పెన్ను నా చేతికిచ్చింది. "రాయి. ఎందుకు ఆగలేదో రాయి." రాశాను. పెద్దసారు మెమో ఇచ్చాడు, దానికీ జవాబు రాశాను. విచారణ జరిగింది. నన్ను తీసేయలేదు, హెచ్చరించి వదిలారు. ల్యాబులో కొందరు అది అదృష్టమన్నారు. అక్క మాత్రం ఆ సంగతి అసలు ఎత్తలేదు.

మిగిలిన కార్డులన్నీ నాలుగు రోజులపాటు ముగ్గురం కూర్చుని సరిచూశాం. తారుమారైనవి నూట అరవై ఒకటి. వాటిలో ఎక్కువ అంకె ఉన్నది ఇంకొకటి లేదు. మాక్రోను మళ్లీ నా చేతే రాయించింది అక్క. నా లైను తీసేయడంతో ఆమెకు సరిపోలేదు.

"అది ఆగేలోపు తప్పు చేయకుండా ఎలా ఆపుతావు? పేజీ మీదున్న నంబరూ జాబితాలో ఉన్న నంబరూ ఒకటేనా కాదా అని చూసుకున్నాకే అంకె వెయ్యాలి. అది రాయగలవా?"

రాశాను. రెండు నంబర్లూ కలవకపోతే అంకె వేయకుండా ఆగిపోతుంది. ఇంకో నియమం ఆమె తనంతట తనే పెట్టింది. ఏ రోజైనా మాక్రో ఒక్కసారి కూడా ఆగకపోతే, ఆ రోజు కార్డుల్లో చేతికొచ్చిన పదింటిని విడిగా తీసి సరిచూడాలి. ఆగకపోవడాన్ని కూడా నోటుబుక్కులో రాయాలి. టెక్నీషియను ఈ నియమం విని, "ఆగినా తప్పే, ఆగకపోయినా తప్పే, అత్తగారు నయం," అంది. అందరం నవ్వాం. చాలా రోజుల తర్వాత నవ్వాను.

మందు మొదలుపెట్టిన పదో రోజున ఆ పాప తల్లి అక్కకు ఫోను చేసింది. పొద్దున్నించీ పిల్ల గుక్కపట్టి ఏడుస్తోందని, మందు పడటం లేదేమోనని భయపడుతోంది. "పడుతోందమ్మా, పడుతోంది. ఎత్తుకుని తిప్పు," అంది అక్క. ఫోను పెట్టేశాక కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది. ఆపరేషన్ కన్నులోంచి నీళ్లు కారుతున్నాయని టెక్నీషియనుతో అంది.

ఇప్పుడు ఆ పాపకు పదకొండు నెలలు. రెండు నెలలకోసారి రక్తం ఇవ్వడానికి మా ల్యాబుకే వస్తుంది. నిలబడుతుంది, చేతికందినది లాగుతుంది. వచ్చిన ప్రతిసారీ అక్క తన కుర్చీ వదిలి, కార్డు మీద నంబరు తనే రాసి, అంకె చేత్తోనే ఎక్కిస్తుంది. తండ్రి నాతో మాట్లాడడు. తల ఒకసారి ఊపి బెంచీ మీద కూర్చుంటాడు. ఆయన అలా ఉండటమే సరైనదని నాకనిపిస్తుంది. ఇంటికి వెళ్లి మా పాప బొమ్మలు పేరుస్తుంటే చూస్తూ, ఇది ఈ నెలలో చేయాల్సిన పనేనా అని పిల్లల ఎదుగుదల పుస్తకం తిరగేస్తాను. తర్వాత వెనక్కి తిప్పి, ఆ పాప కోసం పదకొండో నెల పేజీ చదువుతాను.

అక్క వచ్చే ఏడాది రిటైరవుతుంది. కిందటి నెల పాప వచ్చి వెళ్లాక, కార్డు ఆరబెట్టే అర దగ్గర నిలబడి తనే లెక్క వేసింది.

"మూడేళ్లు నిండేసరికి నేనిక్కడ ఉండను బాబూ."

"ఉండవక్కా."

"నువ్వుంటావు. ఆ పరీక్షల రోజున ఇక్కడ కూర్చోకు. సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్లు. వాళ్లు రమ్మనకపోయినా వెళ్లు, బయట బెంచీ మీద కూర్చో. ఏం చెప్పారో విను. విని, మంచైనా చెడైనా, అదే రోజు నాకు ఫోను చెయ్యి."

"చేస్తాను."

"చెడైతే రేపు చెప్దాంలే అనుకోకు."

"అనుకోను అక్కా," అన్నాను.

కార్డు ఇంకా తడిగానే ఉంది. ఆమె దాన్ని అంచు పట్టుకుని, నంబరు పైకి కనిపించేలా, అరలో మిగతావాటి పక్కన పెట్టింది.